పోర్టబుల్ హార్డ్ డిస్క్ తగిలిస్తే ల్యాప్‌టాప్ పడిపోతోంది. తప్పు డిస్క్‌దా, ల్యాప్‌టాప్‌దా?

మధు_మారతహళ్ళి
రెండేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్, విండోస్ 11. రోజంతా ఆఫీసు పని, రాత్రి సినిమా, ఏ తేడా లేదు. నా 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్ తగిలిస్తే మాత్రం మొరాయిస్తుంది. ఒక్కోసారి ఫోల్డర్ తెరుస్తుండగానే మొత్తం బిగుసుకుపోతుంది, మౌస్ కూడా కదలదు. ఒక్కోసారి డిస్క్ అలాగే ఉంచి, మూత మూసి, కింద టీ తాగి వచ్చేసరికి నీలితెర. ఇంకోసారి నల్లగా అయిపోయి రీస్టార్ట్. డిస్క్ పీకేస్తే మళ్లీ బుద్ధిమంతుడు.

విండోస్ మొత్తం తుడిచి కొత్తగా వేశాను, ఫలితం లేదు. దగ్గర్లో ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే డిస్క్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా "మదర్‌బోర్డ్ పోయింది సార్, పద్దెనిమిది వేలవుతుంది" అన్నాడు. డిస్క్‌లో మా చెల్లి పెళ్లి వీడియోలున్నాయి, ఎడిట్ చేయనివి. ఇంకో కాపీ లేదు. ఫొటోగ్రాఫర్‌ని అడిగితే ఎప్పుడో తీసేశామన్నాడు. ఏం చేయమంటారు?

బూట్‌లూప్_బాబ్జీ
తెర మీద కింద స్టాప్ కోడ్ అని, ఎందుకు పడిందో చెప్పే ఒక లైన్ వస్తుంది. అది చెప్పకుండా ఎవరేం చెప్పినా సోదే.

నెల్లూరు_చేపలపులుసు
నిమ్మకాయ కట్టు. మా మేనేజర్ ల్యాప్‌టాప్‌కి కట్టాం. అది క్రాష్ అవడం మానేసింది, ఆయన మా మీద అరవడం మాత్రం మానలేదు.

సర్వర్_సీత
మధు గారూ, స్టాప్ కోడ్ సంగతి తర్వాత. ముందు ఆ డిస్క్‌ని ఊరికే తగిలించి చూడటం ఆపండి. "ఈసారి వస్తుందేమో" అనుకుంటూ పది సార్లు పెట్టి తీసేవాళ్లని చాలామందిని చూశాను. ఒకవేళ డిస్కే పాడవుతుంటే ప్రతి ప్రయత్నానికీ ఇంకాస్త పోతుంది. ల్యాప్‌టాప్ ఎక్కడికీ పోదు. ముఖ్యంగా చెక్‌డిస్క్, అదే డిస్క్‌లో తప్పులు సరిచేసే విండోస్ కమాండ్, కొట్టకండి.

కడప_కుర్రోడు
ఎందుకు కొట్టకూడదక్కా? నా డిస్క్ ఇట్లాగే చేస్తుంటే చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కొట్టి రాత్రంతా వదిలేసినా. పొద్దున్నకి బంగారంలా పనిచేసింది. ఇప్పటికీ వాడుతున్నా.

సర్వర్_సీత
నీది ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే పట్టిక, చెడిన కేసు అయ్యుంటుంది తమ్ముడూ, అందుకే బతికింది. స్లాష్ ఆర్ అంటే డిస్క్‌లో ప్రతి సెక్టర్నీ, అంటే డేటా రాసే ప్రతి చిన్న గడినీ, చదవమని. డేటా చదివే హెడ్ నీరసంగా ఉన్న డిస్క్‌కి అది రాత్రంతా పరుగు పందెం పెట్టడమే. పైగా చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్‌ని ఒక దారిలో పెట్టడం, మన ఫైళ్లని కాపాడటం కాదు. చదవలేని ఫోల్డర్ ఎంట్రీ కనిపిస్తే కొట్టేస్తుంది. ఆ తర్వాత ఫౌండ్.000 అనే ఫోల్డర్‌లో పేర్లు లేని ముక్కలు మిగులుతాయి. ఆ ముక్కల్లో తలంబ్రాలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. కాపీ తీసుకున్నాక ఎన్ని చెక్‌డిస్క్‌లైనా కొట్టుకోవచ్చు, నేను అడ్డు చెప్పను.

మధు_మారతహళ్ళి
సరే, డిస్క్ పీకి పక్కన పెట్టేశాను. స్టాప్ కోడ్ ఫొటో తీసింది ఉంది: డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్. ఇది మూత మూసి తెరిచినప్పుడే వస్తోంది. కాపీ చేస్తున్నప్పుడు నీలితెర రాదు, బిగుసుకుపోతుందంతే.

ఇంకో మాట చెప్పడం మర్చిపోయా. డిస్క్ నేరుగా కాదు, టైప్-సి హబ్ ద్వారా పెడుతున్నా. బెంగళూరు ఎస్పీ రోడ్‌లో కొన్నది. దానికే మానిటర్, కీబోర్డ్, ఇంటర్నెట్ కేబుల్ అన్నీ.

పీజీ_రూమ్_నంబర్9
హబ్! ముందే చెప్పొచ్చుగా గురూ. కేసు క్లోజ్.

యూఎస్‌బీ 2 పోర్ట్ నుంచి 500 మిల్లీయాంపియర్లు, యూఎస్‌బీ 3 నుంచి 900. ప్రమాణంలో రాసి ఉన్న లెక్క ఇది. లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్క్ మొదలయ్యే క్షణంలో దాదాపు ఆ 900 మొత్తం లాగేస్తుంది, కొన్నయితే ఇంకాస్త ఎక్కువ. మీ హబ్ అదే కోటాలోంచి తన చిప్‌కి, కీబోర్డ్‌కి, నెట్‌వర్క్ పోర్ట్‌కి పంచాలి. పక్కన చార్జర్ పెట్టుకునే వీలున్న హబ్ అయితే కొంత నయం. లేకపోతే గాల్లో దీపం.

బూట్‌లూప్_బాబ్జీ
కరెంట్ చాలకపోతే డిస్క్ టిక్ టిక్ అని ఆగిపోతుంది, డ్రైవ్ లెటర్ మాయమై మళ్లీ వస్తుంది. దానికి విండోస్ ఎందుకు పడాలి? అడాప్టర్ లేని హబ్‌కి రెండు డిస్క్‌లు పెట్టి చూశాను నేను. డిస్క్‌లు పడ్డాయి, విండోస్ పడలేదు. కేసు అంత తొందరగా మూయకు.

పీజీ_రూమ్_నంబర్9
మీ ల్యాప్‌టాప్‌లో పడకపోతే ఎక్కడా పడదా?

బూట్‌లూప్_బాబ్జీ
అలా అన్లేదు. కోడ్ చూసి మాట్లాడమంటున్నా. పవర్ స్టేట్ అన్నంత మాత్రాన కరెంట్ తక్కువైందని కాదు. అది వేరే పవర్.

డంప్_చదివేవాడు
బాబ్జీ గారు చెప్పింది సరైనదే, కాస్త విడమరుస్తా. ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్లేటప్పుడు, లేచేటప్పుడు విండోస్ ప్రతి డివైస్ డ్రైవర్‌కీ ఒక కబురు పంపుతుంది: "పడుకో" లేదా "లే" అని. డ్రైవర్ ఆ పని ముగించి జవాబివ్వాలి. ఎవరో ఒకరు జవాబివ్వకుండా కూర్చుంటే విండోస్ కొంతసేపు చూసి చేతులెత్తేస్తుంది. ఆ చేతులెత్తేయడమే ఈ కోడ్. అంకెల్లో 9ఎఫ్ అంటారు. జవాబివ్వనిది ఎవరన్నదే ప్రశ్న. హబ్ కావచ్చు, డిస్క్ డబ్బాలోని చిప్ కావచ్చు, గ్రాఫిక్స్ కూడా కావచ్చు.

ఊహలు అక్కర్లేదు, చూడొచ్చు. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అని ఉంటుంది, క్రాష్ అయినప్పుడు రాసుకున్న చిట్టా. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దాన్ని చదివే విన్‌డీబీజీ వేసుకో, ఉచితమే. ఆ ఫైల్ తెరిచి అనలైజ్ లింక్ నొక్కు. బోలెడంత వాగుతుంది, కంగారుపడకు. చివర్లో ఇమేజ్ నేమ్ అని ఒక లైన్, దాని పక్కన ఒక డ్రైవర్ పేరు. అది ఇక్కడ పెట్టు.

నల్లగా అయి రీస్టార్ట్ అన్నావు కదా, ఆ నల్లతెర మీద అక్షరాలున్నాయా? 2025లో విండోస్ 11 అప్‌డేట్‌లతో నీలితెర రంగే మార్చేశారు, ఇప్పుడది నలుపు. చాలామంది దాన్ని చూసి డిస్ప్లే పోయిందనుకుంటున్నారు.

నెల్లూరు_చేపలపులుసు
ముప్పై ఏళ్లు నీలంగా ఏడిపించి ఇప్పుడు నల్లగా ఏడిపిస్తున్నాడన్నమాట.

శిరీష_బీటీఎం
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నాది ఆఫీసు ల్యాప్‌టాప్. నా పెన్‌డ్రైవ్ పెడితే ఏమీ కాదు, కొలీగ్ ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ పెడితే రీస్టార్ట్. ఇది కూడా పవర్ సంగతేనా?

డంప్_చదివేవాడు
ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే లెక్క వేరు. డేటా బయటికి పోకుండా యూఎస్‌బీ మీద నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసి ఉంటారు. అది కూడా డ్రైవరే, డిస్క్‌కీ విండోస్‌కీ మధ్య కూర్చుంటుంది. అది తడబడితే మొత్తం పడుతుంది. మీరేమీ కెలకొద్దు, ఐటీ వాళ్లకి టికెట్ వేయండి.

శిరీష_బీటీఎం
టికెట్ వేస్తే "అసలు బయటి డిస్క్ ఎందుకు పెట్టారు?" అని అడుగుతారు కదా 😬

సర్వర్_సీత
అడుగుతారు. అడగాలి కూడా.

లైనక్స్_లచ్చన్న
ఇంత గొడవ దేనికి, లైనక్స్ వేసుకుంటే

కడప_కుర్రోడు
వచ్చేశాడ్రా దేవుడా

లైనక్స్_లచ్చన్న
మొత్తం రాయనివ్వండయ్యా. ల్యాప్‌టాప్‌లో వేసుకోమనట్లేదు. ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు రాసుకుని దాన్నుంచే బూట్ చెయ్యి, ఇన్‌స్టాల్ నొక్కకుండా ట్రై అన్నది నొక్కు. లోపలి విండోస్‌ని ముట్టుకోదు. ఇప్పుడు అదే డిస్క్, అదే కేబుల్, అదే పోర్ట్. ఇక్కడ కూడా బిగుసుకుంటే తప్పు విండోస్‌ది కాదు. ఇక్కడ శుభ్రంగా నడిస్తే డిస్క్ అనుమానం నుంచి బయటపడ్డట్టే. అటో ఇటో తేలిపోతుంది. విండోస్ తుడిచి కొత్తగా వేసే బదులు ముందు ఇది చేసుంటే ఒక ఆదివారం మిగిలేది.

టెర్మినల్ తెరిచి డీమెసేజ్, అంటే సిస్టమ్ లోపలి కబుర్లు చూపించే కమాండ్, ఆన్ చేసి వదిలేయ్. డిస్క్ పెట్టగానే అక్కడ లైన్లు పడతాయి. "రీసెట్ సూపర్‌స్పీడ్ యూఎస్‌బీ డివైస్" అని అదే పనిగా వస్తుంటే కేబుల్‌నీ హబ్‌నీ డబ్బాలోని చిప్‌నీ అనుమానించు. "ఐ/ఓ ఎర్రర్" పక్కన సెక్టర్ నంబర్ వస్తుంటే డిస్క్ పళ్లెమే పోతోంది. "ఎక్స్‌హెచ్‌సీఐ హోస్ట్ కంట్రోలర్ నాట్ రెస్పాండింగ్, అస్యూమ్ డెడ్" అని వచ్చిందనుకో, ల్యాప్‌టాప్ వైపు యూఎస్‌బీ పోర్ట్‌లని నడిపే కంట్రోలరే నోరు మూసుకుందని. దాంతో అదే కంట్రోలర్ మీదున్న మౌస్, కీబోర్డ్ కూడా పోతాయి. చూసేవాళ్లకి మొత్తం హ్యాంగ్ అయినట్టే ఉంటుంది.

బూట్‌లూప్_బాబ్జీ
లచ్చన్న మొదటిసారి పనికొచ్చే ముక్క చెప్పాడు.

రాజమండ్రి_రోజ్‌మిల్క్
మౌస్ అంటే గుర్తొచ్చింది. మాకు హార్డ్ డిస్క్ పెట్టగానే వైర్‌లెస్ మౌస్ ఎగిరెగిరి పడేది. సిస్టమ్ హ్యాంగ్ అనుకుని నెల రోజులు అందర్నీ తిట్టాం. మౌస్ రిసీవర్‌ని ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో అటుపక్కకి జరిపితే సరిపోయింది. యూఎస్‌బీ 3 నడుస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుడుతుంది, మౌస్‌లూ పాత వైఫై కూడా అక్కడే ఉంటాయి. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం వేసింది.

మధు_మారతహళ్ళి
నాది కూడా వైర్‌లెస్ మౌసే. కానీ నాకు గడియారం కూడా ఆగిపోతుంది, కాబట్టి అది కాదు.

ఈరోజు చేసినవి చెప్తా. విండోస్ చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని, అంటే సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని, బోలెడున్నాయి. వాటిలో కొన్నింట్లో బగ్‌చెక్ కోడ్ 159, మిగతావాటిలో సున్నా. మినీడంప్‌లో ఇమేజ్ నేమ్ దగ్గర యూఏఎస్‌పీస్టోర్.సిస్ అని ఉంది.

ఆ తర్వాత సీత గారు తిట్టినా పర్లేదని డిస్క్ ఒక్కసారి హబ్ లేకుండా నేరుగా పెట్టాను. నిద్రపుచ్చి లేపాను, నీలితెర రాలేదు! మళ్లీ చేశాను, రాలేదు. సంబరపడి కాపీ మొదలుపెడితే "రిసెప్షన్" ఫోల్డర్ దగ్గర మళ్లీ బిగుసుకుంది. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగులో "కాషన్" అని ఉంది. సీ5 అన్న లైన్లో 138.

డంప్_చదివేవాడు
ఈవెంట్ వ్యూయర్ 159ని మామూలు అంకెల్లో చూపిస్తుంది, అదే 9ఎఫ్. కాబట్టి అవి నిద్ర క్రాష్‌లు. సున్నా ఉన్నవాటిలో విండోస్‌కి కోడ్ రాసే అవకాశమే దొరకలేదు. కరెంట్ తెగి ఉండాలి, లేదా నువ్వే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి ఉండాలి.

మధు_మారతహళ్ళి
బిగుసుకుపోతే నొక్కిపట్టక ఇంకేం చేస్తాం అన్నా.

డంప్_చదివేవాడు
అంతే మరి. అంటే "నల్లగా అయి రీస్టార్ట్" అన్న మూడో జబ్బు లేదు. ఇంకోటి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఆ కుడిచివర అంకెల్ని హెక్స్‌లో, అంటే పదికి బదులు పదహారు లెక్కన, చూపిస్తుంది. 138 అంటే నూట ముప్పై ఎనిమిది కాదు, 312. ఫంక్షన్ మెనూలో రా వాల్యూస్‌ని దశాంశానికి మార్చుకుంటే నేరుగా కనిపిస్తుంది.

సర్వర్_సీత
312 పెండింగ్ సెక్టర్లు. చదవబోతే చదవలేకపోయినవి, ఏం చేయాలో డిస్క్ ఇంకా తేల్చుకోనివి. అదే 05 లైన్ అయితే ఇప్పటికే పక్కన పెట్టేసి వేరే చోటుతో భర్తీ చేసినవి. ఒకటో రెండో అయితే చూద్దాంలే అనొచ్చు. 312 అంటే ఆ డిస్క్ మీద నమ్మకం పెట్టుకోకూడదు.

అయితే మధు గారికి రెండు వేరువేరు రోగాలున్నాయి, అందుకే ఎవరు చెప్పిందీ పూర్తిగా అతకలేదు. నిద్ర నుంచి లేచేటప్పుడు నీలితెర హబ్ వల్ల. కాపీలో బిగుసుకోవడం డిస్క్ వల్ల. పీజీ తమ్ముడూ, బాబ్జీ గారూ ఇద్దరూ సగం సగం కరెక్ట్. సర్వీస్ సెంటర్ వాడు మాత్రం ఏ సగమూ కాదు.

పీజీ_రూమ్_నంబర్9
సగం మార్కులైనా వచ్చాయి, చాలు.

బూట్‌లూప్_బాబ్జీ
నాకింకా ఒకటి మింగుడుపడట్లేదు. విండోస్ ఉన్నది సీ డ్రైవ్‌లో. పాడైంది పక్కన వేలాడే డిస్క్. అందులో ఒక సెక్టర్ చదవలేకపోతే ఎర్రర్ ఇచ్చి ఊరుకోవాలి. గడియారం ఆగడమేంటి?

డంప్_చదివేవాడు
ఆగకూడదు. కానీ ఆగుతుంది. పెళ్లి పంక్తిలో వడ్డించేవాడు ఒక విస్తరి దగ్గర నిలబడిపోతే వెనకున్న విస్తళ్లన్నీ ఖాళీగా చూస్తుంటాయి కదా, అలాంటిది. డిస్క్ ఆ సెక్టర్‌ని తనలో తనే మళ్లీ మళ్లీ చదవబోతుంది. ఆ లోపు ఎక్స్‌ప్లోరర్ బొమ్మల కోసం, యాంటీవైరస్ స్కాన్ కోసం, సెర్చ్ ఇండెక్స్ కోసం అదే డిస్క్‌ని అడుగుతుంటాయి. అన్నీ దాని వెనకే. టాస్క్‌బార్ నడిపేది ఎక్స్‌ప్లోరరే కాబట్టి గడియారం కూడా ఆగుతుంది. విండోస్ ఒక గడువు దాకా చూసి డివైస్‌ని రీసెట్ చేస్తుంది, మళ్లీ అదే సెక్టర్, మళ్లీ రీసెట్. ఈవెంట్ వ్యూయర్‌లో 129, 153 నంబర్లు కనిపించాలి. 7 అని ఉంటే బ్యాడ్ బ్లాక్. మధూ, ఒకసారి చూడు.

ఇక డబ్బా సంగతి. ఈ డిస్క్‌లలో యూఎస్‌బీ మాట్లాడేది పళ్లెం కాదు, మధ్యలో ఉండే బ్రిడ్జ్ చిప్. పాతకాలంలో ఒక ఆదేశం ముగిశాకే ఇంకోటి పంపేవాళ్లు. 2012లో విండోస్ 8 నుంచి యూఏఎస్‌పీ అన్న పద్ధతి వచ్చింది, ఒకేసారి చాలా ఆదేశాలు పంపొచ్చు. వేగం బాగుంటుంది. కానీ చిప్‌లో ఫర్మ్‌వేర్, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్, నాసిరకమైతే రీసెట్ చెప్పినా వినదు. నీ డంప్‌లో కనిపించిన యూఏఎస్‌పీస్టోర్ ఆ పద్ధతి నడిపే డ్రైవరే. డంప్‌లో పేరు ఉందని అదే దోషి అనుకోకు. జవాబు రాకపోతే ఎదురుచూస్తూ దొరికిపోయింది అదే.

లైనక్స్_లచ్చన్న
అందుకే లైనక్స్ కెర్నల్‌లో పోకిరీ చిప్‌ల జాబితా ఒకటి పెట్టుకున్నారు, వీటితో ఆ యూఏఎస్‌పీ మాట్లాడొద్దు అని. మన చిప్ ఆ జాబితాలో లేకపోతే మనమే బూట్ లైన్‌లో యూఎస్‌బీ-స్టోరేజ్ క్వర్క్స్ అని రాసి, చిప్ నంబర్ పక్కన "యు" అక్షరం పెడితే పాత పద్ధతికి దిగుతుంది. వేగం తగ్గుతుంది, క్రాష్ ఆగుతుంది. నా పాత ల్యాప్‌టాప్ ఇలాగే నడుస్తోంది.

కడప_కుర్రోడు
ఇంతకీ వీడియోలు ఎట్లా తీయాల? అది చెప్పండి ముందు.

సర్వర్_సీత
అదే రాస్తున్నా.

మొదట వినండి. డిస్క్ నుంచి టక్ టక్ అని కొట్టుకునే చప్పుడు వస్తోందా? వస్తే ఏ సాఫ్ట్‌వేరూ వద్దు, వెంటనే పీకేసి డేటా రికవరీ వాళ్ల దగ్గరికి. దుమ్ము లేని గది ఉన్నవాళ్ల దగ్గరికి, బల్ల మీద స్క్రూడ్రైవర్‌తో మూత విప్పేవాళ్ల దగ్గరికి కాదు. మూత విప్పాక లోపల పడిన ఒక్క దుమ్ము కణం చాలు.

చప్పుడు లేకపోతే మనమే ప్రయత్నించవచ్చు. ఎక్స్‌ప్లోరర్‌లో కాపీ పేస్ట్ వద్దు, అది ఒక చెడ్డ సెక్టర్ దగ్గర పట్టుకుని కూర్చుంటుంది. లచ్చన్న గారు చెప్పిన ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ అయి డీడీరెస్క్యూ వాడండి. అది బాగున్న చోటంతా ముందు లాగేస్తుంది, చెడ్డ ప్రాంతాల్ని దాటేసి చివర్లో తిరిగొస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. కరెంట్ పోయినా, డిస్క్ మధ్యలో పడిపోయినా అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. ఆ మ్యాప్ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోనే వదిలేయకండి, ట్రై మోడ్‌లో రీస్టార్ట్ చేస్తే పోతుంది. ఇంకెక్కడైనా పెట్టండి.

కొత్త డిస్క్ పాతదంత లేదా అంతకన్నా పెద్దది కావాలి. ఏది పాతది, ఏది కొత్తది అన్నది సైజు, మోడల్ నంబర్ రెండూ చూసి నిర్ధారించుకోండి. తిరగేసి రాస్తే ఖాళీ డిస్క్‌ని తెచ్చి పెళ్లి మీద రుద్దినట్టే. ఎంటర్ కొట్టే ముందు ఇంకొకరిని పిలిచి చూపించండి.

హబ్ వద్దు, నేరుగా పోర్ట్‌కి. చార్జర్ పెట్టి ఉంచండి, నిద్రమోడ్ తీసేయండి. డిస్క్ వేడెక్కుతుంటే టేబుల్ ఫ్యాన్ తిప్పండి.

మధు_మారతహళ్ళి
చప్పుడు లేదక్కా. మామూలుగా తిరిగే శబ్దమే. డబ్బా విప్పి డిస్క్ బయటికి తీసి కంప్యూటర్ లోపలి డిస్క్‌లకి వాడే సాటా కేబుల్‌తో నేరుగా పెడితే ఇంకా మంచిదని రూమ్మేట్ అంటున్నాడు. నిజమేనా?

డంప్_చదివేవాడు
డెస్క్‌టాప్ డబ్బాలైతే నిజమే. ఇలాంటి చిన్న పోర్టబుల్ డిస్క్‌లలో చాలావాటికి లోపల సాటా కనెక్టరే ఉండదు, యూఎస్‌బీ సాకెట్‌ని నేరుగా డిస్క్ బోర్డ్ మీదే అతికేస్తారు. కొన్నింట్లో బోర్డే డేటాని ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుంది, మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా. ఆ బోర్డ్ లేకుండా చదివితే చెత్త వస్తుంది. విప్పకు. కేబుల్ మాత్రం మార్చు, ఆ వెడల్పు పిన్ను ఉండే మైక్రో-బి కేబుల్ కొద్దిగా వదులైనా చాలు, తెగి అతుక్కుంటూ ఉంటుంది.

రిచీస్ట్రీట్_రమణ
చెన్నై నుంచి ఒక హైజాక్. నాది హార్డ్ డిస్క్ కాదు, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీని, అంటే పళ్లెం లేని వేగమైన చిప్ డిస్క్‌ని, అల్యూమినియం డబ్బాలో పెట్టుకున్నా. పెద్ద ఫైల్ కాపీ చేస్తే కాసేపటికి డిస్క్ మాయం, ఒక్కోసారి ల్యాప్‌టాప్ కూడా ఫ్రీజ్. డబ్బా ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది.

పీజీ_రూమ్_నంబర్9
చెన్నైలో ఏది ముట్టుకున్నా చెయ్యి కాలుతుంది కదన్నా.

డంప్_చదివేవాడు
రమణ గారూ, లోపల ఎస్ఎస్‌డీ చిప్‌కీ మూతకీ మధ్య మెత్తటి థర్మల్ ప్యాడ్ ఉందా? చాలామంది దాని ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగిస్తారు. తర్వాత కేబుల్. ఫోన్ చార్జర్‌తో వచ్చిన టైప్-సి కేబుల్ వాడుతుంటే అందులో చాలావరకు యూఎస్‌బీ 2 తీగలే, 480 మెగాబిట్లకి మించదు. డబ్బాతో వచ్చిన పొట్టి కేబుల్ వాడండి. బ్రిడ్జ్ చిప్‌కి కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో చూడండి, కానీ డేటా వేరేచోట పెట్టుకున్నాకే వేయండి.

రిచీస్ట్రీట్_రమణ
పొర తీశాను సార్. కేబుల్ మాత్రం ఫోన్‌దే 🙏

విజయనగరం_వీణ
రమణ గారిలాగే ఇంకో ప్రశ్న. మా పీజీలో పెద్ద 3.5 అంగుళాల డిస్క్, అడాప్టర్ పెట్టుకునేది. ల్యాప్‌టాప్‌కి పెట్టి ముట్టుకుంటే జివ్వుమంటుంది. దానివల్ల కూడా క్రాష్ అవుతుందా?

బూట్‌లూప్_బాబ్జీ
మీ పీజీలో ఎర్త్ లేదమ్మా. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో దూర్చి ఉంటారు, చూడు. పెద్ద డిస్క్‌కి 12 వోల్టులు కావాలి, అందుకే అడాప్టర్. ఎర్త్ లేకపోతే ఆ అడాప్టర్ నుంచి చిన్న కరెంట్ లీకై యూఎస్‌బీ డబ్బా మీదికి వస్తుంది. కనెక్షన్ తెగి అతుక్కోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. క్రాష్ సంగతి అలా ఉంచి, ముందు ఓనర్‌తో పోట్లాడు.

విజయనగరం_వీణ
ఓనర్‌తో గీజర్ గురించే ఇంకా పోట్లాట నడుస్తోంది.

మధు_మారతహళ్ళి
అప్‌డేట్. కొత్త 4 టీబీ డిస్క్ తెచ్చాను. ఎంటర్ కొట్టేముందు సీత గారు చెప్పినట్టు రూమ్మేట్‌ని పిలిచి చూపించాను. మొదటి విడతలో తొంభై శాతం పైనే గడగడా వచ్చేసింది. ఆ తర్వాత నత్తనడక. రెండుసార్లు డిస్క్ దానంతటదే మాయమైంది, పీకి పెట్టి అదే కమాండ్ కొడితే ఆగిన చోటి నుంచే మొదలైంది. ఆ మ్యాప్ ఫైల్ ఎవరు కనిపెట్టారో గానీ దండం పెట్టాలి. మధ్యలో ఒకసారి కరెంట్ కూడా పోయింది, బ్యాటరీ కాచింది.

చివరికి మిగిలిపోయినవి కొన్ని కిలోబైట్లే. పెళ్లి వీడియోలన్నీ తెరుచుకుంటున్నాయి. రిసెప్షన్‌లో ఒక క్లిప్‌లో మాత్రం మధ్యలో కాసేపు ఆకుపచ్చ గళ్లు వస్తున్నాయి. అక్కడ మా పెదమామయ్య పాట పాడుతున్నాడు.

నెల్లూరు_చేపలపులుసు
డిస్క్‌కి సంగీత జ్ఞానం ఉంది.

కడప_కుర్రోడు
😂😂 నిమ్మకాయ కన్నా పవర్‌ఫుల్ జోక్

పీజీ_రూమ్_నంబర్9
మరి హబ్ సంగతి? పారేశావా?

మధు_మారతహళ్ళి
లేదు, మానిటర్‌కి అదే కావాలి కదా. కొత్త డిస్క్‌ని హబ్‌కి పెట్టి నిద్రపుచ్చితే అప్పుడు కూడా ఒకసారి 9ఎఫ్ వచ్చింది! అంటే ఇది పూర్తిగా హబ్ జబ్బే.

డంప్_చదివేవాడు
బాగా పట్టుకున్నావు. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్, అంటే వాడని యూఎస్‌బీ డివైస్‌ని నిద్రపుచ్చే సెట్టింగ్, ఆపు. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి బయోస్, చిప్‌సెట్ అప్‌డేట్‌లు వెయ్యి. ఇవి చేశాక కూడా వస్తే డిస్క్‌ని ఎప్పుడూ నేరుగానే పెట్టుకో, హబ్‌ని మానిటర్‌కే వదిలేయ్. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ ఆప్షన్ కనిపించదు, అప్పుడు డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ హబ్ మీద పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో టిక్ తీసెయ్.

మూత మూసే ముందు డిస్క్‌ని ఎజెక్ట్ చేయడం కూడా మంచిదే. 2018లో వచ్చిన విండోస్ 10 1809 నుంచి "క్విక్ రిమూవల్" డిఫాల్ట్ కాబట్టి పీకినా ఏం కాదని చాలామంది అంటారు. కాపీ నడుస్తుండగా పీకితే ఏ పాలసీ అయినా కాపాడదు.

మధు_మారతహళ్ళి
సస్పెండ్ ఆపాక రాలేదు. రెండు రోజులు చూస్తా. పాత డిస్క్‌కి వారంటీ ఇంకా ఉందట, సీరియల్ నంబర్ కొడితే చూపించింది. పంపమంటారా?

సర్వర్_సీత
పంపండి, కానీ రెండు మాటలు. వాళ్లు మీ డిస్క్‌ని బాగుచేసి ఇవ్వరు, వేరేది ఇస్తారు, చాలాసార్లు రిపేర్ చేసినదే. లోపలున్న డేటా తిరిగి రాదు. కాబట్టి కొత్త డిస్క్‌లో వీడియోలు మధ్యమధ్యలో లాగి చూసి, అన్నీ ఉన్నాయనుకున్నాకే. పంపేముందు పాతదాన్ని పూర్తిగా తుడవగలిగితే తుడవండి. 312 సెక్టర్లతో అది మధ్యలో ఆగిపోతే, సొంత ఫొటోలు, ఆధార్ స్కాన్‌లు వాళ్ల చేతిలో పెట్టడం మీకు ఇష్టమో కాదో ఆలోచించుకోండి. నేనైతే వారంటీ వదులుకుని డ్రిల్లింగ్ మెషీన్ తీసేదాన్ని.

మధు_మారతహళ్ళి
ఆధార్ స్కాన్‌లు, పాత జీతం స్లిప్పులు, అన్నీ ఉన్నాయి అందులో. తుడవబోతే సగంలోనే ఆగింది. వారంటీ వద్దులే. మా బావ మాత్రం ఏడుస్తున్నాడు, వారంటీలో వచ్చే డిస్క్ తనకి సినిమాలు వేసివ్వమని ముందే బుక్ చేసుకున్నాడట.